కొత్త రేడియేటర్, పాత అల్లుడు

కారు శుక్రవారం సాయంత్రం ఆసుపత్రి గేటు దాటిన పది నిమిషాలకే పొగలు కక్కింది. పొగ కాదు, ఆవిరి. ఆ తేడా అల్లుడికి తెలీదు. తెలుసుకునే ఓపికా లేదు. పొద్దున్న ఎనిమిదింటి నుంచి అరవై నాలుగు మందిని ఎక్స్‌రే బల్ల మీద పడుకోబెట్టి, "ఊపిరి పీల్చండి, బిగబట్టండి, ఇక వదలండి" అని అరవై నాలుగుసార్లు చెప్పి వస్తున్నాడు. కారు రోడ్డు పక్కకి తీసి, స్టీరింగ్ మీద తల ఆనించి కాసేపు అలాగే కూర్చున్నాడు. తర్వాత మామగారికి ఫోన్ చేశాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు మరి.

మామగారు చేతిలో నీళ్ళ డబ్బాతో బస్సు దిగి వచ్చారు. కాగితం మిల్లులో ముప్పై ఒక్కేళ్ళు బాయిలర్ ఆపరేటరుగా చేసిన మనిషి. మిల్లు మూతపడి, భార్య పోయాక, ఐదేళ్ళ క్రితం కూతురింటికి వచ్చి చేరారు. ఆయన బోనెట్ దగ్గరికి వంగి, చెవి పెట్టి విన్నారు.

"ఇప్పుడే మూత తియ్యకండి అల్లుడుగారూ, మొహం కాలిపోద్ది. చల్లారనివ్వండి. ఇది రేడియేటర్ పగులు. ఇటు చూడండి, పక్కన పచ్చగా చార కట్టింది."

నీళ్ళు పోసుకుంటూ, ఆగుతూ, మళ్ళీ పోసుకుంటూ పావుగంట దారికి గంటన్నర తీసుకుని ఇల్లు చేరారు. దారిలో ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. అలవాటే. ఆ ఇంట్లో మాటలు తగ్గిపోయి చాలా కాలమైంది.

కూతురు ఇల్లు వదిలి ఎనిమిది నెలలు. తగాదా అంటూ ఏమీ లేదు. తొమ్మిదేళ్ళ కాపురంలో చివరి మూడేళ్ళు ఆ మొగుడూ పెళ్ళాలు ఒకరితో ఒకరు "గ్యాసు అయిపోయింది", "తాళం ఎక్కడ పెట్టావ్", "నాకివాళ నైటు డ్యూటీ" తప్ప మరో మాట ఆడిన గుర్తు లేదు. ఒకరోజు ఆమె, "నాకు అలసటగా ఉంది" అంది. "నాకూ" అన్నాడతను. ఆ రెండు మాటలతో అంతా తేలిపోయింది. ఆమె తను పనిచేసే మందుల కంపెనీలో ఊరికి అటు చివర ఉన్న శాఖకి మార్పించుకుని, ఆడవాళ్ళ హాస్టల్లో చేరింది. హాస్టల్లో తండ్రిని ఉంచుకోనివ్వరు. "రెండు నెలల్లో ఇల్లు చూసి తీసుకెళ్తా నాన్నా" అంది. రెండు నెలలు ఎనిమిదయ్యాయి. ఇప్పుడు ఒంటి గది ఇల్లొకటి దొరికిందిట. ఈ సోమవారం కోర్టులో విడిపోయే కాగితాల మీద సంతకాలు.

సంతకాలయ్యాక తాను ఈ ఇంట్లో ఏ వరసన ఉన్నట్టు? మామగారు ఆ మాట పైకి అనలేదు. వారం కిందట అన్నం తింటూ, తల ఎత్తకుండా, "ఆదివారం సాయంత్రం అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతానండీ" అన్నారు. "పెట్టె ఒక్కటే బరువు. మిల్లు నాలుగురోడ్ల దగ్గర దింపేస్తే చాలు. అక్కణ్ణించి అదొచ్చి తీసుకెళ్తుంది. మీరిద్దరూ ఎదురుపడటం దేనికి."

"సరే మామయ్యగారూ" అన్నాడు అల్లుడు.

శనివారం వర్క్‌షాపుకి ఫోన్ చేస్తే బుధవారందాకా కుదరదన్నారు. మామగారు ఆ మాట కొట్టిపారేశారు.

"బుధవారమా! సోమవారం మీ కోర్టు, రేపు నా ప్రయాణం. మనమే వేద్దాం. రేడియేటరంటే ఏముంది, నీళ్ళు లోపలికి పోవాలి, మధ్యలో చల్లబడాలి, బయటికి రావాలి. నా బాయిలర్ ముందు ఇదెంత, చెంబు!"

"మీరెప్పుడైనా కారు రేడియేటర్ మార్చారా?"

"లేదు. మీరు?"

"నేను కారు కడగటమే తక్కువ."

"మరింకేం, ఇద్దరం సమానమే" అన్నారాయన.

ఆదివారం పొద్దున్న ఏడింటికి మొదలుపెట్టారు. కొత్త రేడియేటర్ అట్టపెట్టెలో వరండా మీద సిద్ధంగా ఉంది. విడిభాగాల కొట్టువాడు కారు మోడలు రెండుసార్లు అడిగి మరీ ఇచ్చాడు. కారు ముందు చక్రాలు ఏటవాలు దిమ్మెల మీదికి ఎక్కించి, వెనక చక్రాలకి ఇటుకలు అడ్డంపెట్టారు. మామగారు ఆ ఇటుకల్ని మూడుసార్లు కాలితో తన్ని చూశారు. పానాలన్నీ పాత దుప్పటి మీద వరసగా పేర్చారు. అల్లుడి చేత బ్యాటరీ తీగ ఊడదీయించి, దాని కొనకి గుడ్డ చుట్టించారు. అంతవరకూ ఏ ఇబ్బందీ లేదు.

కింద ఉండే చిన్న ప్లాస్టిక్ బిరడా తిప్పితే పాత నీళ్ళన్నీ టబ్బులోకి దిగిపోవాలి. అది తిరగలేదు. అల్లుడు కారు కింద వెల్లకిలా పడుకుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. బిరడా తల పుటుక్కున విరిగి చేతిలోకి వచ్చింది.

"విరిగిందండీ."

"విరగనివ్వండి. ఎలాగూ పారేసేదేగా. కింది గొట్టం లాగేద్దాం. టబ్బు ఇంకొంచెం ఎడమకి జరపండి. నేను పైనుంచి క్లిప్పు వదులు చేస్తా. నేను చెప్పేదాకా లాగకండి."

లాగనక్కర్లేకపోయింది. క్లిప్పు వదులవ్వగానే గొట్టం దానంతటదే ఊడింది. కూలెంటు మందు కలిసిన పచ్చటి నీళ్ళు టబ్బులోకి కాదు, సూటిగా అల్లుడి మొహం మీదికి దూకాయి.

"ఒరేయ్! కళ్ళు మూసుకోరా! నోరు మూసుకో! విషం రా అది, బయటికి రా!"

మామగారు మోకాళ్ళ నొప్పి సంగతే మర్చిపోయి కిందికి కూలబడ్డారు. అల్లుడి రెండు కాళ్ళూ పట్టుకుని బయటికి ఈడ్చారు. చొక్కా కాలరు పట్టుకుని కుళాయి దగ్గరికి నడిపించి, తల కిందికి వంచి, దోసిళ్ళతో నీళ్ళు కొడుతూ, బొటనవేళ్ళతో కనురెప్పలు విప్పి కడిగారు. "తెరువు. తెరవరా. మండుతోందా? నన్ను చూడు. ఎన్ని వేళ్ళు?"

"రెండు."

"పుక్కిలించు. ఇంకోసారి. మింగలేదు కదా?"

"లేదు మామయ్యగారూ."

అప్పుడు ఆయన చేతులు ఆగాయి. రెండడుగులు వెనక్కి వేసి, తువ్వాలు తెచ్చి, దూరంగా చాచి అందించారు. మొహం ముడుచుకుపోయింది. తొమ్మిదేళ్ళలో ఆయన అల్లుణ్ణి "మీరు" అని తప్ప పిలిచి ఎరగరు. జ్వరంతో పడుకున్నా "మందేసుకున్నారా" అనే అడిగేవారు.

"నోరు జారింది. ఏమనుకోకండి."

అల్లుడు తల తుడుచుకుంటూ, "కాళ్ళు పట్టుకుని ఈడ్చినప్పుడు లేని మర్యాద ఇప్పుడెందుకండీ" అన్నాడు. నవ్విద్దామనే అన్నాడు. చిన్నప్పుడే తండ్రి పోయాడతనికి. "రా" అని గదమాయించి మొహం కడిగినవాళ్ళు ఆ తర్వాత ఎవరూ లేరు. కళ్ళు మండుతున్నాయని మళ్ళీ కుళాయి దగ్గరికి వెళ్ళి, అవసరం లేకపోయినా ఇంకాసేపు కడుక్కున్నాడు.

పదిన్నరకి ఫ్యాను చట్రం ఊడింది. పదకొండుకి పై గొట్టం. అది రబ్బరంతా పట్టేసి రాకపోతే, "తిప్పండి, లాగకండి, జాడీ మూత తిప్పినట్టు తిప్పండి" అని మామగారు కుర్చీలోంచి చెబుతూ వచ్చారు. ఆయన నిలబడలేకపోతున్నారు. రేడియేటర్ని పట్టి ఉంచే పై బోల్టులు రెండూ వచ్చాక, ఇద్దరూ చెరోవైపు పట్టుకుని పైకెత్తారు. సందుల నిండా ఎండిన తూనీగలు, సీతాకోకచిలుకల రెక్కలు, ఆకు ముక్కలు. కుడి అంచున వేలెడంత పగులు.

"పాపం, ఎంతకాలం నుంచి కారుతోందో" అన్నారు మామగారు. దాన్ని గోడకి ఆనించి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళారు.

ఆయన ఫోన్ కుర్చీ మీద ఉంది. మోగింది. తెర మీద "అమ్మాయి" అని ఉంది. ఆగి, మళ్ళీ మోగింది. మూడోసారి మోగితే అల్లుడు అరచేయి చొక్కాకి తుడుచుకుని తీశాడు. రెండు నెలలుగా ఆమెతో మాట్లాడింది లాయరు ద్వారానే.

"నాన్నా, ఎన్నిసార్లు చెయ్యాలి?"

"నేను. ఆయన లోపలున్నారు. కారు పని చేస్తున్నాం. రేడియేటర్ మారుస్తున్నాం."

"నువ్వా?" అంది. అందులో వెటకారం కంటే ఆశ్చర్యమే ఎక్కువ.

"నేనే. సాయంత్రం ఐదుకల్లా ఆయన్ని మిల్లు దగ్గర దింపుతాను. నువ్వెన్నింటికి వస్తావ్?"

"మిల్లు దగ్గరికి నేనెందుకు రావాలి?"

అతను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాడు. ఆమే మాట్లాడింది. "నాన్న నీ దగ్గరే ఉంటానన్నాడుగా? నేను రమ్మంటే, 'అల్లుడుగారు వెళ్ళొద్దంటున్నారే, ఒక్కరైపోతారు, ఇప్పుడప్పుడే వదల్లేను' అన్నాడు. నీకు థాంక్స్ చెబుదామనే అసలు... ఏమైంది?"

"ఏం లేదు" అన్నాడు. "పెట్టె సంగతి ఏదో అన్నారు, నేనే సరిగా వినలేదు. చేతులు మురికిగా ఉన్నాయి, తర్వాత చేయిస్తా."

మామగారు తిరిగొచ్చేసరికి అతను కొత్త రేడియేటర్‌కి ఫ్యాను బిగిస్తున్నాడు. ఫోన్ సంగతి ఎత్తలేదు. తనది కోపమో సిగ్గో తేల్చుకునే శక్తి లేదు. ఆయన వెళ్తానన్న రోజు తనకేం అనిపించిందో గుర్తొచ్చింది. పొద్దున్నే ఐదింటికి పెట్టే రేడియో ఉండదు. దగ్గు ఉండదు. ఏం వండాలని ఇంకొకర్ని అడగక్కర్లేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది కూడా.

ఇద్దరూ కలిసి కొత్తదాన్ని దించారు. బోల్టులు బిగించారు. గొట్టాలు తొడిగి క్లిప్పులు వేశారు. అంతా అయ్యాక మామగారు దాని మీద చెయ్యి వేసి ఊపి చూశారు. లొడలొడలాడింది.

"ఏంటిది? ఇలా ఊగకూడదే."

వంగి చూసి, గోడకి ఆనించిన పాత రేడియేటర్ వైపు చూసి, ఆయన నుదురు కొట్టుకున్నారు. దాని అడుగున రెండు నల్లటి రబ్బరు మెత్తలు అలాగే ఉన్నాయి. కొత్తది వాటి మీద కూర్చోవాలి. అంటే మళ్ళీ గొట్టాలు, మళ్ళీ బోల్టులు, మళ్ళీ అన్నీ.

అల్లుడు పానా దుప్పటి మీదికి విసిరేశాడు. "నా వల్ల కాదు. మిల్లు దగ్గర మిమ్మల్ని ఎవరు తీసుకెళ్తారు మామయ్యగారూ?"

మామగారు తువ్వాలు తీసి చేతులు తుడుచుకోసాగారు.

"మీ అమ్మాయి ఫోన్ చేసింది. మీరిక్కడే ఉంటానన్నారుట. నాకేమో తన దగ్గరికని చెప్పారు. ఇంతకీ ఎక్కడికి?"

ఆయన కుర్చీలో కూర్చుని, మోకాలి మీద అంటిన గ్రీజు గోటితో గీకుతూ ఉండిపోయారు. "మిల్లు వెనక ఒక గది చూసుకున్నా. నాతో పనిచేసిన ఫిట్టరుది. ఐదింటికి తాళంచెవి ఇస్తానన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు వద్దంటారు." గోరు తువ్వాలుకి తుడుచుకుంటూ అన్నారు, "వద్దనకపోతే అది ఇంకా కష్టం కదండీ."

అల్లుడు నేల మీదే చతికిలబడ్డాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. వీధిలో ఎవరో కారు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నిజం చెప్పనా? మీరు వెళ్తానన్నప్పుడు నాకు కొంచెం హాయిగానే అనిపించింది."

"అనిపించదూ మరి! ఐదేళ్ళు. నాకు మాత్రం మీతో విసుగు లేదనుకున్నారా? పళ్ళు తోముకున్నంతసేపూ కుళాయి కట్టరు. అన్నంలో నీళ్ళెక్కువ పోస్తారు. చెప్పులు గుమ్మానికి అడ్డంగా విడుస్తారు, రెండుసార్లు కాలికి తగిలి పడబోయా."

"ఒక్కసారైనా అనలేదే!"

"అల్లుణ్ణి అంటారా ఎవరైనా?"

"రేపట్నుంచి కాను కదా. ఇక అనొచ్చు."

మామగారు నవ్వబోయారు, అది మధ్యలోనే దగ్గుగా మారింది. అల్లుడు లేచి, పాత రేడియేటర్ అడుగు నుంచి రబ్బరు మెత్తలు ఊడబెరికి, మళ్ళీ మొదటి బోల్టుకి పానా తగిలించాడు. ఈసారి మామగారు కుర్చీలోంచి లేచి వచ్చి, నిలబడి, టార్చి పట్టారు.

మెత్తల మీద కొత్తది బుద్ధిగా కూర్చునేసరికి రెండున్నర. కూలెంటు పోస్తుంటే మూతి దగ్గర బుడగలు. బ్యాటరీ తీగ మళ్ళీ తగిలించి, ఇంజను వేసి, లోపల హీటరు కూడా పెట్టి, మామగారు చెప్పినట్టు అల్లుడు పై గొట్టాన్ని చేత్తో పిసుకుతూ కూర్చున్నాడు. నొక్కినప్పుడల్లా ఒక బుడగ పైకొచ్చి పగిలేది. నీళ్ళు దిగేవి. ఇంకొంచెం పోసేవారు. అలా ఇరవై నిమిషాలు. చివరికి మూత బిగించి, ఇద్దరూ చేతులు కట్టుకుని ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డారు.

"తిరగదా?"

"వేడెక్కాలి. ఓపిక పట్టండి."

ఉన్నట్టుండి ఫ్యాను గిర్రున అందుకుంది. మామగారు అల్లుడి భుజం మీద ఒక్కటి చరిచారు. వంగి కింద చెయ్యి పెట్టి తడిమారు. పొడిగా ఉంది.

నాలుగున్నర దాటాక బయల్దేరారు. పెట్టె వెనక డిక్కీలో ఉంది. ఎవరూ దాన్ని పెట్టొద్దనలేదు, ఎవరూ దించమనలేదు. కారు పదిహేను నిమిషాలు నడిచినా వేడి ముల్లు సగం దాటలేదు. మిల్లు గోడ పొడవునా వెళ్ళి, వెనక సందులోకి తిరిగి, మామగారు చూపించిన మేడ ముందు ఆగారు. ఇరుకు మెట్లు గోడ బయటే పైకి వెళ్తున్నాయి. కింద ఒక్కటే కుళాయి, దాని ముందు నాలుగు బిందెలు వరసలో ఉన్నాయి.

"ఏ అంతస్తు?"

"మూడోది."

"నీళ్ళు పైకి ఎక్కవా?"

"ఎక్కవు. మొయ్యాలి." ఆయన తన మోకాళ్ళ వైపు చూసుకోలేదు. అల్లుడూ చూడలేదు.

ఇంజను ఆడుతూనే ఉంది. కారు దిగడానికి మామగారు తలుపు మీద చెయ్యి వేశారు. వేసిన చెయ్యి అక్కడే ఉంది. నడుం కదలడం లేదని ఆయన మొహమే చెబుతోంది. అల్లుడి భుజాలు రెండూ రాళ్ళలా ఉన్నాయి. ఆ పెట్టె భుజానికెత్తి మూడంతస్తులు ఎక్కడం అనే తలపుకే కళ్ళు మూతలు పడుతున్నాయి.

"ఇవాళ ఓపిక లేదండీ" అన్నారు మామగారు.

"నాకూ లేదు."

"ఫిట్టరు ఎదురుచూస్తుంటాడు."

"ఫోన్ చేసి చెప్పండి, రావడం లేదని."

"ఇవాళ రావడం లేదనా? అసలు రావడం లేదనా?"

అల్లుడు కారు వెనక్కి తిప్పుతున్నాడు. సందు ఇరుకు, అద్దంలో చూసుకుంటూ తిప్పాలి. తిప్పడం పూర్తయ్యాకే జవాబు చెప్పాడు.

"చెప్పులు గుమ్మానికి అడ్డంగా విడవను. రేడియో ఆరింటికి పెట్టండి. మిగతావి నెమ్మదిగా చూసుకుందాం."

"ఐదున్నర" అన్నారు మామగారు. ఫోన్ తీసి ఫిట్టరు నంబరు కోసం వెతుక్కుంటూ, "వార్తలు ఐదున్నరకే వస్తాయి" అని గొణిగారు.

ఇంటికెళ్ళగానే అల్లుడు పెట్టెని లోపలికి లాక్కొచ్చి, దాని పాత చోట మంచం కిందికి తోసేశాడు. అన్నం వండే ఓపిక ఎవరికీ లేదు. ఇద్దరూ రొట్టెముక్కలు పాలల్లో ముంచుకుని తిని, ఇంకా వెలుగుండగానే పడుకున్నారు.

సోమవారం కోర్టులో సంతకాలకి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఎనిమిది నెలలు నలిగిన వ్యవహారం, చివరికి ఒక గుమాస్తా "ఇక్కడ, ఇక్కడ, మళ్ళీ ఇక్కడ" అని వేలు పెట్టి చూపిస్తుండగా అయిపోయింది. ఆమె పెన్ను సిరా ఆగిపోతే అతను తనది ఇచ్చాడు. మెట్లు దిగుతున్నప్పుడు ఇద్దరి అడుగులూ కలిసి పడ్డాయి. ఎవరూ పక్కకి తప్పుకోలేదు.

కారు గోడ నీడలో ఉంది. ముందు సీట్లో మామగారు నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారాయి. గోళ్ళ సందుల్లో ఇంకా నలుపు పోలేదు.

"నాన్న చేతులేంటి అలా ఉన్నాయి?"

"నిన్నటివి. సబ్బుకి వదల్లేదు."

ఆమె చాలాసేపు తండ్రినే చూసింది. "ఫిట్టరు గది సంగతి రాత్రి చెప్పాడు. తిట్టాను. నిన్నూ తిడదామనుకున్నా, దేనికో తెలీలేదు." మొహం మీద పడిన జుట్టు వెనక్కి నెట్టుకుంది. "రమ్మన్నానే గానీ, నా ఒంటి గదిలో రెండో మంచం పట్టదు. పెద్దది దొరికేదాకా..."

"దొరికినప్పుడు ఆయన్నే అడుగు. ఎక్కడుంటారో ఆయనిష్టం."

"గురువారం కంటి డాక్టరుకి చూపించాలి. కుడికన్ను మసకగా ఉందంటున్నాడు."

"గురువారం నాకు పగలు డ్యూటీ."

"నేను సెలవు పెడతా. వచ్చి తీసుకెళ్తా."

"తొమ్మిదికి రా. అంతకుముందు వస్తే తినకుండా బయల్దేరిపోతారు."

ఆమె తలూపింది. "లేపనా?"

"వద్దు. నిన్న బాగా అలిసిపోయారు."

ఆమె చప్పుడు కాకుండా వెనక తలుపు తీసి, తండ్రి వెనక సీట్లో కూర్చుని, చెప్పులు విడిచి కాళ్ళు పైకి ముడుచుకుంది. తనూ కళ్ళు మూసుకుంది. అతను మూడు టీలు చెప్పడానికి రోడ్డు దాటాడు.